పోస్ట్‌గ్రెస్‌లో తెలుగు పేర్లు: ఐసీయూ కొలేషన్ ఏళ్లుగా వాడాక

మా పత్రిక చందాదారుల జాబితా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. ఊళ్లవారీగా లెక్క తీస్తే హైదరాబాద్ రెండు వరుసల్లో వచ్చేది. చూడ్డానికి రెండూ ఒకటే. ఆక్టెట్ లెంగ్త్ (బైట్ల సంఖ్య) తీస్తే ఒకటి 27 బైట్లు, ఇంకోటి 30. చివరి పొల్లు తర్వాత కీబోర్డు చేర్చిన జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరానివే ఆ మూడు బైట్లు. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు, ఖాళీలనే తీస్తుంది.

వరుసలో పేర్చే ఆర్డర్ బైలో తలనొప్పి ఇంకా ఎక్కువ. కొలేషన్ అంటే అక్షరాలను పోల్చి వరుస పెట్టే నియమాలు. సీ కొలేషన్ బైట్లనే పోలుస్తుంది. ఆ లెక్కన ఈ అక్షరం తెలుగు అక్షరాలన్నిటి తర్వాతే. కాబట్టి అది ఉన్న రాజ్‌కుమార్ రాజ్యలక్ష్మి కిందకు పోతాడు, లేని రాజ్కుమార్ పైన ఉంటాడు. ఒకే మనిషికి రెండు చందాలు, రెండు గడువు తేదీలు.

2019లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ కొలేషన్‌ను డిటర్మినిస్టిక్ ఫాల్స్ (బైట్లు వేరైనా సమానం కావచ్చు) అని సృష్టించుకోవచ్చు. అది యూనికోడ్ నియమాలతో పోలుస్తుంది, కనిపించని అక్షరాన్ని లెక్కలోకి తీసుకోదు. పేరు, ఊరు కాలమ్‌లకు పెట్టాక గ్రూప్ బై (ఒకేలాంటివి కలిపి లెక్కించడం), జాయిన్ (పట్టికలు కలపడం), యూనిక్ (డూప్లికేట్లను ఆపడం) అన్నీ దారికొచ్చాయి. ఐత్వాన్ని ఒకే కోడ్‌గా కాక ఎత్వం, కింది ముక్క అని విడగొట్టి దాచిన పాత డేటా కూడా కలిసిపోయింది. తెలుగు పేర్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. యూనిక్ ఉన్న కాలమ్ అయితే ముందే డూప్లికేట్లు ఏరుకోవాలి, లేదంటే కాలమ్‌ను మార్చే ఆల్టర్ ఆదేశం మధ్యలోనే ఎర్రర్ ఇస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. 2025లో పోస్ట్‌గ్రెస్ 18 వచ్చేదాకా ఈ కాలమ్‌లపై లైక్ (పదంలో కొంత భాగంతో వెతకడం) పనిచేసేది కాదు. త్వరగా వెతకడానికి కట్టే ఇండెక్స్‌లో డీడూప్లికేషన్ (ఒకే విలువలను కలిపి దాచడం) ఉండదు, పోలిక కాస్త నెమ్మది. అందుకే ఫోన్ నంబర్లు, కోడ్‌లు సీ కొలేషన్‌లోనే ఉంచాను. గ్రూప్‌లో ఏ రూపం బయటకు చూపిస్తుందో మన చేతిలో ఉండదు కనుక, ఎంట్రీ దగ్గరే శుభ్రం చేయడం మానలేదు.

అసలు టెన్షన్ ఓఎస్ అప్‌గ్రేడ్‌లో. 2018 నాటి జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28 వరుసక్రమాన్నే మార్చేసింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌కు ఉన్న రికార్డు కూడా దొరకదు. ఐసీయూ వెర్షన్ మారినా ఆ ప్రమాదం ఉంది, కాకపోతే పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడాను హెచ్చరిస్తుంది. అప్పుడు ముందు రీఇండెక్స్ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టడం), ఆ తర్వాతే ఆల్టర్ కొలేషన్ రిఫ్రెష్ వెర్షన్. రిఫ్రెష్ ఒక్కటే చేస్తే హెచ్చరిక పోతుంది, పాడైన ఇండెక్స్ అలాగే ఉంటుంది.