సెయింట్ క్లెయిర్ లేక్‌లో 18 అడుగుల డీప్ వీ: ఏడు సీజన్ల తర్వాత నా రివ్యూ

నా బోటు 18 అడుగుల డాంజీ, అడుగు వీ అక్షరంలా వాలుగా ఉండే డీప్ వీ రకం. ముందే చెప్తున్నా, ఇది టాప్ స్పీడ్ రివ్యూ కాదు. నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు ఏ బోటైనా బానే పోద్ది, పెద్ద ఇంజిన్ ఉంటే ఇంకా బాగా పోద్ది, అందులో చెప్పుకోడానికి ఏం లేదు. మధ్యాహ్నం రెండు దాటాక గాలి లేచి, లేక్ నిండా తెల్ల నురగలు మొదలై, ఇంటికి ఇంకా పన్నెండు మైళ్ళు ఉంది, వెనక సీట్లో పిల్లలున్నారు, అప్పుడు ఏ బోటు ఎలా ఉంటుందో అది చెప్తా.

నేను నడిపేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనుండే సెయింట్ క్లెయిర్ లేక్‌లో. ఎటు చూసినా పాతిక మైళ్ళు, దాదాపు 430 చదరపు మైళ్ళు, సగటు లోతు మాత్రం 11 అడుగులు. మా ఊళ్ళో నుయ్యి దీనికంటే లోతు. ఓడలు పోయే ఛానల్ ఒక్కటీ తవ్వి లోతు చేశారు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనవాళ్ళు ఏడాదికోసారి పాంటూన్ బోటు అద్దెకి తీసుకుని బిర్యానీ డబ్బాలతో ఇక్కడికి వస్తారు, పొద్దున్నే వచ్చి పోతారు కాబట్టి వాళ్ళకి ఈ లేక్ రెండో మొహం తెలీదు.

నేను కాకినాడ పక్క పుట్టినోణ్ణి. చిన్నప్పుడు ఉప్పాడ దగ్గర కెరటాలు చూస్తూ పెరిగాను కదా, ఈ లేక్ నన్నేం చేస్తుందిలే అనుకున్నా. అక్కడే తప్పులో కాలేశా. సముద్రంలో పెద్ద అల వస్తుంది, కానీ ఎనిమిది పది సెకండ్లకి ఒకటి, అలకీ అలకీ మధ్య వంద మీటర్ల దూరం, పడవ ఎక్కుద్ది, దిగుద్ది, మళ్ళీ ఎక్కుద్ది, ఊపిరి తీసుకునే టైమ్ ఉంటుంది. ఇక్కడ అల ఎత్తు రెండడుగులే, కానీ రెండున్నర సెకండ్లకి ఒకటి, మధ్య దూరం ముప్పై అడుగులు. ఎదురుగా 30 మైళ్ళ స్పీడ్‌లో పోతే, అల కూడా మన వైపే వస్తుంది కాబట్టి, లెక్కేస్తే సెకనుకి దాదాపు రెండు దెబ్బలు. వరంగల్ నుంచి వచ్చిన మా ఫ్రెండ్ మొదటిసారి ఎక్కినప్పుడు "ఏందన్నా ఇది, లేక్ అంటివి, స్పీడ్ బ్రేకర్ల మీద ఆటో ఎక్కించినవ్" అన్నాడు, అంతకన్నా బాగా నేను చెప్పలేను.

నా మొదటి బోటు ఒక 19 అడుగుల బౌరైడర్. కంపెనీ పేరు అనవసరం, ఆ సైజులో అందరూ ఇంచుమించు అదే చేస్తారు. ముందు కూర్చోడానికి సీట్లు, వెనక వెడల్పు, అడుగు వెనక్కి వచ్చేకొద్దీ చదును. డాక్ దగ్గర బల్లలా కదలకుండా ఉండేది, మా అత్తగారు వాళ్ళు ఇండియా నుంచి వచ్చినప్పుడు చీరకట్టుతోనే ఎక్కి దిగారు, చాలా మంచి బోటు అన్నారు. 2017 సెప్టెంబర్‌లో ఒక ఆదివారం బెల్ ఐల్ దీవి చుట్టి వద్దామని డెట్రాయిట్ నది దాకా పోయి, తిరిగి విండ్‌మిల్ పాయింట్ దాటి లేక్‌లోకి వచ్చేసరికి ఈశాన్యం గాలి ఎదురుగా కొడుతోంది. అక్కణ్ణుంచి మా రాంప్, అంటే బోటు నీళ్ళలోకి దించే చోటు, దాదాపు పదిహేను మైళ్ళు. 20 లో పోతే ప్రతి అలకీ కింద సుత్తి పెట్టి కొట్టినట్టు దెబ్బ, 15 కి దించితే బోటు ముక్కు ఆకాశంలోకి లేచి ఎదురేం కనపడదు, ఇక 8 లో పాక్కుంటూ వచ్చాం, రెండు గంటలు పట్టింది. మా ఆవిడ ఆ రెండు గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. రాంప్ దగ్గర దిగాక మాత్రం "ఏవండీ, ఇంకోసారి గాలి ఉంటే నేను రాను" అని ఒకటే ముక్క. ఆ చలికాలమంతా నేను హల్, అంటే బోటు అడుగు, షేపుల గురించి చదువుతూ కూర్చున్నా.

చదివిందంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, చెరువులోకి బోర్లా దూకితే పొట్ట కమిలిపోద్ది, నిలువునా దూకితే ఏం కాదు, అంతే. బోటు అడుగు వెనక చివర ఎంత వాలుగా ఉందో చెప్పే కోణాన్ని డెడ్‌రైజ్ అంటారు. మామూలు బౌరైడర్లలో అది 18, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, నా పాతదానికి ఇంకా తక్కువ. డీప్ వీ అంటే 24 దాకా, అదీ ముక్కు నుంచి వెనక దాకా వాలు పోకుండా. ముక్కు దగ్గర ఎవడైనా కత్తిలా చేస్తాడు, కానీ స్పీడ్‌లో పోయేటప్పుడు ముక్కు గాల్లోనే ఉంటుంది కదా, నీళ్ళమీద పడేది వెనక సగం. ఈ షేపు రే హంట్ అనే ఆయనది. 1960 లో మయామీ నుంచి నాసౌకి జరిగిన రేసులో సముద్రం భయంకరంగా ఉంటే, ఆయన డిజైన్ చేసిన 30 అడుగుల చెక్క బోటు మాపీతో డిక్ బెర్ట్రామ్ గెలిచాడు, రెండోది కూడా హంట్ గీసిన 23 అడుగుల డీప్ వీయే, మిగతా వాటిలో ముందొచ్చింది మర్నాటికి గానీ చేరలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళకి, 1964 లో, డాన్ అరోనో అనే రేసరు డాంజీ అనే కంపెనీ పెట్టి ఇదే షేపుని చిన్న బోట్లలోకి దింపాడు.

2019 వసంతంలో నేను కొన్నది అదే, 2001 మోడల్ డాంజీ 18 క్లాసిక్, ఐదు లీటర్ల వీ8 స్టెర్న్‌డ్రైవ్, అంటే ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్ వెనక బయట. అప్పట్నుంచి 2025 అక్టోబర్ దాకా మీటర్ మీద దాదాపు 420 గంటలు తిప్పా. జీపీఎస్ మీద 56 చూశా, అది రెండుసార్లే. ఎక్కువ గంటలు 25 నుంచి 35 మధ్యే, ఆ స్పీడ్‌లో గంటకి పది గాలన్ల దాకా తాగుద్ది, కొనేముందు ఆ లెక్క ఇంట్లో చెప్పకండి.

ఎదురు అలల్లో తేడా మొదటి రోజే తెలిసింది. బౌరైడర్ 8 లో పాకిన అదే ఒకటిన్నర రెండడుగుల చాప్‌లో, అంటే దగ్గరదగ్గరగా వచ్చే చిన్న అలల్లో, ఇది 27, 28 లో పోతుంది. దెబ్బ తగలదని కాదు, తగులుద్ది, కానీ 'ఢాం' అనేది 'ధబ్' అవుద్ది, నడుం నుంచి తలదాకా పోకుండా మోకాళ్ళ దగ్గర ఆగుద్ది. డ్రైవ్ ట్రిమ్, అంటే డ్రైవ్ వంపు, పూర్తిగా లోపలికి లాగి ముక్కు దించాలి, ఇది కొత్తవాళ్ళు చెయ్యరు, ముక్కు పైకి ఉంటే సేఫ్ అనిపిస్తుంది కానీ అప్పుడు అలని కొట్టేది మధ్యలో ఉండే వెడల్పు భాగం. థ్రాటిల్ మీంచి చెయ్యి తియ్యకూడదు, బోటు గాల్లోకి లేవబోతుంటే కొంచెం తగ్గించి, పడ్డాక మళ్ళీ ఇవ్వాలి, లేకపోతే ప్రొపెల్లర్ గాల్లో గిర్రున తిరిగి ఒక్కసారిగా నీళ్ళలో పడి ఆ జర్క్ అంతా గేర్ల మీద పడుద్ది. మూడు రెక్కల ప్రొపెల్లర్ తీసి నాలుగు రెక్కలది వేశాక టాప్‌లో రెండు మైళ్ళు పోయాయి గానీ ప్రొపెల్లర్ గాలి తినడం బాగా తగ్గి, ప్లేన్ మీద, అంటే బోటు నీళ్ళపైకి లేచి జారుతూ, ఇంకా తక్కువ స్పీడ్‌లో నిలబడుతోంది. రఫ్ వాటర్‌లో డబ్బుకి తగ్గ పని చేసిన మార్పు అదొక్కటే, స్టీరింగ్, సీట్లు, మిగతావన్నీ నా సరదా.

ఇప్పుడు బాగోని సంగతులు. గాలి పక్కనుంచి వస్తే డీప్ వీ గాలి వైపుకే వంగుద్ది, వినడానికి విచిత్రంగా ఉంటుంది, గాలి తోస్తుంటే అవతలికి వంగాలి కదా అని, కానీ గాలి ముక్కుని నెడుతుంది, మనం తెలీకుండానే స్టీరింగ్ గాలి వైపు పట్టి ఉంచుతాం, దాంతో బోటు అటు ఒరుగుద్ది. అలా ఒరిగినప్పుడు కత్తిలాంటి అంచు కాకుండా అడుగులో ఒక చదునైన పక్క అలకి ఎదురవుద్ది, అప్పుడు 24 డిగ్రీలు ఉన్నా లేనట్టే. ట్రిమ్ టాబ్‌లు, అంటే వెనక రెండు చిన్న రేకులు, గాలి వచ్చే పక్కది కొంచెం దించితే నిటారుగా వస్తుంది. టాబ్‌లు లేని డీప్ వీ కొనొద్దనే చెప్తా. ఏడడుగుల వెడల్పుది, అంచు నీళ్ళకి దగ్గర, ముందు అద్దం పేరుకే, పక్క గాలిలో ప్రతి అలకీ ఒక చెంబుడు నీళ్ళు మొహాన పడతాయి. అక్టోబర్‌లో ఆ నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఆపినప్పుడు ఇంకో కథ. కూర్చున్నా ఊగుద్ది, నిలబడినా ఊగుద్ది. మా అత్తగారు 2022 లో మళ్ళీ వచ్చినప్పుడు అలవాటుగా అంచు మీద కాలు పెట్టారు, బోటు ఆవిడ వైపు ఒరిగింది, చెయ్యి పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది, "పాతదే నయం బాబూ" అన్నారు. ఆవిడ లెక్కలో ఆవిడ రైటే.

మూడో రకం కూడా చెప్పాలి. వరంగల్ ఫ్రెండ్ అన్నాను కదా, నా పక్క సీట్లో రెండేళ్ళు దెబ్బలు తిని తనే ఒకటి కొన్నాడు, 21 అడుగుల పాడ్ బాటమ్, వెనక బయట బిగించిన 250 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. పాడ్ అంటే వీ అడుగున సరిగ్గా మధ్యలో వెనక వైపు చిన్న చదును పట్టీ, స్పీడ్ పెరిగాక బోటంతా ఆ పట్టీ మీదే లేచి నిలబడుద్ది, అందుకే అంత స్పీడ్. 60 దాటాక అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది, దాన్ని చైన్ వాక్ అంటారు, ఈ చైన్ గొలుసు కాదు, అడుగూ పక్క గోడా కలిసే అంచు. స్టీరింగ్ చిన్న చిన్నగా తిప్పుతూ ఆపాలి, వాడికి ఒక సీజన్ పట్టింది, నాకు ఇప్పటికీ భయమే.

2023 ఆగస్టులో ఒక శనివారం ఇవన్నీ పక్కపక్కనే పెట్టి చూసే ఛాన్స్ వచ్చింది. నా 18, వాడి 21 పాడ్, మా డాక్‌లో ఒకాయన డాంజీ 22 క్లాసిక్. ముగ్గురం మార్చుకుని మార్చుకుని నడిపాం. పొద్దున ఒక అడుగు చాప్ ఉన్నప్పుడు నిజంగా ఆశ్చర్యపోయా, పాడ్ బోటు 50 మీద అలల తలల మీంచి జారుకుంటూ పోయింది, నా బోటు కన్నా స్మూత్! నేను ఇన్నాళ్ళూ ఆ రకం గురించి చెప్పిన చాడీలన్నీ సగం వెనక్కి తీసుకున్నా. కానీ మధ్యాహ్నం అల రెండడుగులు దాటేసరికి వాడికి మధ్య స్పీడ్ అనేది లేకుండా పోయింది, 50 లో పోతే ఎగిరి ఎక్కడ పడుతుందో తెలీదు, 20 లో పోతే ఆ పట్టీ దడదడలాడిస్తుంది. నాది 28 లో పోతోంది. 22 మాత్రం 38 లో ఏమీ జరగనట్టు పోయింది. షేపు అదే, వాలు అదే, పొడవు నాలుగడుగులు ఎక్కువ, బరువు ఎక్కువ, దాంతో నా బోటు ముక్కు గుంటలోకి దిగి మళ్ళీ లేచే చోట అది గుంట మీంచి దాటేస్తోంది. అరగంట నడిపి దిగాక నా బోటులోకి ఎక్కబుద్ధి కాలేదు.

వెనక నుంచి వచ్చే అలలు అందరూ సుఖం అనుకుంటారు, నా మటుకు అవే ఎక్కువ భయం. అల మన వైపే పోతుంది, మనం దానికన్నా ఫాస్ట్, వీపు మీంచి ఎక్కి అవతల గుంటలోకి ముక్కు దూరుద్ది, ట్రిమ్ ఇంకా లోపలికే ఉంటే ఆ ముక్కే చుక్కాని అయి బోటుని పక్కకి తిప్పేస్తుంది. గాలి వెనక్కి తిరగ్గానే ట్రిమ్ బయటికి కొట్టి ముక్కు లేపాలి. ఒకసారి మర్చిపోయా, ముక్కు మీంచి వచ్చిన నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి. అప్పట్నుంచి కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు, కట్టుకోకుండా ప్లేన్ మీదకి పోను, 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోట్లకి అది ఫెడరల్ రూల్ కూడా, రూల్ లేకపోయినా కట్టుకునేవాణ్ణే.

అన్నిటికన్నా దారుణం లేక్ కాదు, జులై నాలుగో తారీఖున డెట్రాయిట్ నది. రెండు పక్కలా గోడలు, పెద్ద పెద్ద క్రూజర్ల అలలు గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి అన్ని వైపుల నుంచీ కలుస్తాయి, ఏ షేపూ పని చెయ్యదు, స్పీడ్ తగ్గించి ఓపిక పట్టడమే. ఇదే నీళ్ళ చుట్టాలే పైన ఆల్గొనాక్ దగ్గర, 1932 లో గార్ వుడ్ అనే రేసరు అక్కడ మిస్ అమెరికా టెన్ అనే రేస్ బోటులో గంటకి 124 మైళ్ళ పైన పోయాడు, నాలుగు ప్యాకార్డ్ ఇంజిన్లు, 38 అడుగులు. ప్రశాంతమైన నీళ్ళయి ఉంటాయి, అంతే నేను చెప్పగలను.

మెయింటెనెన్స్ క్లుప్తంగా: మంచినీళ్ళు కాబట్టి తుప్పు గొడవ లేదు, రెండేళ్ళకోసారి ఇంపెల్లర్ (నీళ్ళ పంపు రెక్కలు), ఒకసారి బెలోస్ (డ్రైవ్ దగ్గర రబ్బరు తొడుగులు), ఏటా గేర్ ఆయిల్ మార్చా. చలికాలం ముందు ఇంజిన్ బ్లాక్‌లో చుక్క నీరు లేకుండా తీసెయ్యాలి, లేదంటే గడ్డకట్టి పగులుద్ది. ఒక మెకానిక్ తీశానని చెప్పి ఒక ప్లగ్ వదిలేశాడు, అదృష్టం కొద్దీ నవంబర్‌లోనే చూసుకున్నా, అప్పట్నుంచి నేనే చేసుకుంటున్నా.

కొనాలనుకునేవాళ్ళు అడిగితే నా మాట ఇది. ఇంటిల్లిపాదీ, పెద్దవాళ్ళూ, లంగరేసి తిని పడుకోవడం అయితే బౌరైడర్ తీసుకోండి, గాలి లేచే ముందు ఇంటికొచ్చెయ్యండి. ఇద్దరు ముగ్గురు, గాలిలోనూ తిరగాలి అంటే డీప్ వీ. అందులో 18 కీ 22 కీ మధ్య డబ్బు సర్దుబాటయితే మాత్రం ఆలోచించకండి, 22 యే. నేను అప్పట్లో ట్రక్ చిన్నదని 18 తీసుకున్నా, ట్రక్ తర్వాత ఎలాగూ మార్చేశా.

మొన్న చలికాలానికి బోటు మీద ష్రింక్ రాప్ ప్లాస్టిక్ వేయిస్తుంటే ఆ 22 ఆయన వచ్చి, మోకాళ్ళు నొప్పులండీ, వచ్చే ఏడు అమ్మేస్తానేమో అన్నాడు. నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు.