డైనోనా, రోడ్డా: తిరుపతి ఎండలో కారు ట్యూనింగ్‌కి రెండూ వాడాక

టర్బో పెట్రోల్ బండ్ల మీద డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి బండి బలం కొలిచే యంత్రం), రోడ్డు రెండూ చాలాకాలం వాడాక తేలింది ఇదీ: ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందుగా పడాలన్నది) డైనో మీదే పెట్టాలి, ఎండకు ఆ టైమింగ్ నిలుస్తుందో లేదో రోడ్డు మీదే చూడాలి.

మనవైపు వాళ్లు డైనో కోసం ఎక్కువగా చెన్నైకి పోతారు, సుమారు 135 కిలోమీటర్లు. అంతదూరం పోయేముందు అది లోడ్ పట్టే డైనోనా (రోలర్లకు బ్రేకు వేసి ఇంజన్‌ని ఒకే వేగంలో నిలిపేదా) అని ఫోన్‌లోనే అడగండి. బ్రేకు లేని ఉత్త ఇనర్షియా (బరువు) రోలర్లయితే ఇంజన్‌ని 3000 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఉంచలేవు. నిలిపితేనే టైమింగ్ పని సవ్యంగా సాగుతుంది: ఒక్కో డిగ్రీ పెంచుతూ టార్క్ (ఇంజన్ తిప్పే బలం) చూస్తారు, రెండు డిగ్రీలు పెంచినా టార్క్ కదలకపోతే ఆ రెండూ వెనక్కి తీసేస్తారు. బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కువున్నచోట మామూలు పెట్రోల్‌తో అంతదాకా కూడా పోదు, ముందే నాక్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) వస్తుంది. అక్కడ నాక్ మొదలైన చోటునుంచి రెండు డిగ్రీలు తగ్గించి ఆపాలి. రోడ్డు మీద ఈ పని కుదరదు. కొంచెం ఎత్తు, కొంచెం ఎదురుగాలి ఉన్నా ఒక డిగ్రీ తెచ్చే తేడా వాటిలో కలిసిపోతుంది.

డైనో షీటులోని హార్స్‌పవర్ అంకె మీద మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. ఎస్ఏఈ జె1349 కరెక్షన్ (వాతావరణం తేడాను సర్దే ప్రామాణిక లెక్క) 25 డిగ్రీల వాతావరణానికి లెక్కగడుతుంది. పాత ఎస్‌టీడీ కరెక్షన్‌లో అదే బండి దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. టర్బో ఇంజన్ వేడికి తగ్గే గాలిని బూస్ట్‌తో కొంత సర్దుకుంటుంది కాబట్టి ఎండాకాలంలో కరెక్షన్ అంకెను ఇంకా పెంచేస్తుంది. కరెక్షన్ లేని గ్రాఫ్ కూడా అడిగి తీసుకోండి.

ఇంకో చిక్కు గాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండికి సెకనుకు 28 మీటర్ల గాలి తగులుతుంది. షాపు ఫ్యాను ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) మొత్తానికి అంత ఇవ్వలేదు. వరసగా మూడు పుల్స్ (ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం పైదాకా లాగడం) కొడితే లోపలికెళ్లే గాలి వేడెక్కి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) తనంతట తానే టైమింగ్ తగ్గిస్తుంది, మ్యాప్ (అందులోని టైమింగ్, ఇంధనం పట్టిక) చెడిందని పొరబడతారు. ప్రతి పుల్ ఒకే ఇన్‌టేక్ ఉష్ణోగ్రత దగ్గర మొదలవ్వాలి. టైర్లలో 33 పీఎస్ఐ ఉంటే ప్రతిసారీ 33 ఉండాలి, బండిని కట్టే పట్టీల బిగువూ మారకూడదు.

రోడ్డు లాగింగ్‌లో (నడుస్తుండగా రీడింగులు రికార్డు చేయడంలో) ఆరు చాలు: ఆర్‌పీఎం, బూస్ట్, లాంబ్డా (గాలి-ఇంధనం పాళ్లు, 1 అంటే సరిపాళ్లు), ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, టైమింగ్, నాక్ రిటార్డ్ (నాక్ పసిగట్టి ఈసీయూ తగ్గించిన టైమింగ్). చవక బ్లూటూత్ అడాప్టర్‌తో పదిహేను పెడితే రీడింగులు మరీ నెమ్మదించి నాక్ మధ్యలో జారిపోతుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి 14.7 గాలి-ఇంధనం లెక్క పనికిరాదు, అందుకే లాంబ్డానే చూడండి. డైనో మీద ఫుల్ థ్రాటిల్‌లో 0.85 చుట్టూ ఉంటే నిశ్చింత.

అసలు పరీక్ష మే నెలలో తిరుమల ఘాట్. ఏసీ వేసి, బండి నిండా మనుషులతో, మామూలు వేగంలోనే రెండో గేరులో ఎక్కుతుంటే లోడ్ ఎక్కువ, గాలి తక్కువ. పైకి పోయేకొద్దీ దాదాపు 700 మీటర్ల ఎత్తు పెరిగి గాలి ఒత్తిడి 8 శాతం దాకా పడిపోతుంది, అదే బూస్ట్ కోసం టర్బో ఇంకా వేగంగా తిరగాలి. ఇన్‌టేక్ 60 డిగ్రీలు దాటి, మ్యాప్‌లోని ఒకే సెల్‌లో (గడిలో) పదేపదే 3 డిగ్రీల నాక్ రిటార్డ్ కనిపిస్తే, డైనోలో ఎంత బాగున్నా సరే అక్కడ టైమింగ్ తగ్గించాల్సిందే. నడిపేవాళ్లు స్క్రీన్ వైపు చూడకూడదు, ల్యాప్‌టాప్ పక్కసీటు వాళ్ల ఒళ్లో ఉండాలి. ఫుల్ థ్రాటిల్ పుల్స్ డైనోకే వదిలేయండి, జనం తిరిగే రోడ్డు మీద వద్దు.

పొద్దున్నే చల్లటి స్టార్ట్, ఏసీ వేయగానే ఐడిల్ పడిపోవడం, యాక్సిలరేటర్ తొక్కగానే వచ్చే తడబాటు, ఇవన్నీ రోడ్డు పనులే. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను ఇంధనాన్ని సర్దే శాతం) ప్లస్ 10 దాటితే మ్యాప్ ముట్టుకోకముందు ఇన్‌టేక్ గొట్టాల క్లాంపులు బిగించి చూడండి, తరచుగా లీకు అక్కడే ఉంటుంది.