45 అక్షరాల మాటా, 2 అక్షరాల మాటా: ఏది మేలు?

మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో ఆదివారం టిఫిన్లు అయ్యాక స్క్రాబుల్ డబ్బా కిందికి దిగుతుంది. ఇంగ్లిష్ అక్షరాల బిళ్లలని గళ్ల బోర్డు మీద మాటలుగా పేర్చి పాయింట్లు కొట్టే ఆట. ఒకవైపు ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, ఎదురుగా అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా నాన్న. దానికి పొడుగాటి ఇంగ్లిష్ మాటల పిచ్చి. ఈయన ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసిన మనిషి, మాటల్లోనూ చిల్లర లెక్కే.

పోయిన వారం దాని చేతికి క్యూ వచ్చింది. డబ్బాలో క్యూ ఒక్కటే ఉంటుంది, విలువ 10. యు వస్తే పెద్ద మాట వేద్దామని నాలుగు రౌండ్లు దాన్ని అట్టే పెట్టుకుంది.

"ఏం పాపా, ఆ బిళ్లని పొదిగితే పిల్లలు పెడుతుందా?" అన్నాడు మా నాన్న.

విసుగొచ్చి ఒక చాన్సు వదులుకుని, దాన్ని సంచిలో వేసి వేరే బిళ్ల తీసుకుంది. రెండు రౌండ్ల తర్వాత ఆ క్యూ ఈయన చేతిలో పడింది. అక్షరం విలువ మూడింతలయ్యే గడిలో పెట్టాడు. పక్కన ఒక ఐ, కింద ఒక ఐ ఉన్నాయి. అడ్డంగా క్యూ-ఐ, నిలువుగా క్యూ-ఐ. 31కి 31, మొత్తం 62. ఒక్క బిళ్లతో!

ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే తగాదా. పెద్ద మాటలు నేర్చుకోవడం మేలా, చిన్నవా?

ముందు పెద్ద మాటల సంగతి. ఇంగ్లిష్ నిఘంటువుల్లో చేంతాడంత మాట అనగానే అందరూ చెప్పేది నిమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. 45 అక్షరాలు. దీన్ని వైద్యులు పుట్టించలేదు. 1935లో అమెరికాలో పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు పొడుగు కోసమే అల్లిన మాట. స్క్రాబుల్‌లో ఇది కాణీకి పనికిరాదు. బోర్డు అడ్డంగా 15 గళ్లే. పోనీ నేల మీద పేర్చుదామన్నా కుదరదు. ఈ మాటలో సి ఆరుసార్లు వస్తుంది, డబ్బాలో సి బిళ్లలు రెండే. ఏ అక్షరంగానైనా వాడుకోగలిగే ఖాళీ బిళ్లలు రెండూ కలుపుకున్నా నాలుగే. మా అమ్మాయి ఈ లెక్క తేల్చుకోవడానికి 100 బిళ్లలూ కుమ్మరించి, ఒక ఎస్ బిళ్లని సోఫా కిందికి తోసేసింది. ఇంకా దొరకలేదు.

మరి ఆ మాట ఎందుకు? నా మటుకు నాకు అసలు లాభం బోర్డు మీద కాదు, దాన్ని విడగొట్టడంలో కనిపిస్తుంది. పదో తరగతి తెలుగు పేపర్లో విగ్రహవాక్యం రాసినవాళ్లకి ఇది కొత్త పనేం కాదు. నిమోనో అంటే ఊపిరితిత్తి, అల్ట్రా అంటే మించినది, మైక్రోస్కోపిక్ అంటే కంటికి ఆననంత చిన్నది, సిలికో ఇసుకలో ఉండే సిలికా, వాల్కనో అగ్నిపర్వతం, కోని దుమ్ము, ఓసిస్ జబ్బు. అగ్నిపర్వతపు అతి సన్నని సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. రాళ్ల క్రషర్లలో పనిచేసేవాళ్లని పీడించే సిలికోసిస్ ఈ రకం జబ్బే. విడగొట్టేసరికి ఏడు ముక్కలు చేతికొచ్చాయి, ఒక్కో ముక్కా ఇంకో పది మాటల్లో పనికొస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. 29 అక్షరాలు. దేన్నైనా విలువలేనిదని తీసిపారేయడం అని అర్థం. లాటిన్‌లో 'పనికిరానిది' అనే అర్థంలో వాడే నాలుగు మాటలని ఒకదాని తోకకి ఇంకోటి కట్టారు. తెలుగులో చేయాలంటే పూచికపుల్ల, గడ్డిపోచ, చిల్లిగవ్వ, వెంట్రుకముక్క అన్నీ కలిపి 'గా చూడటం' అని తగిలించాలి. అలా చెప్పాక మా అమ్మాయి మళ్లీ మర్చిపోలేదు.

యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం అందరికీ తెలిసిందే. ఇంగ్లండు చర్చికి రాజ్యంతో ఉన్న ముడి తెంచకూడదనే వాదం, 28 అక్షరాలు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి లేదు.

ఇక చిన్న మాటలు. స్క్రాబుల్ జాబితాల్లో రెండక్షరాలవి వందకు పైగా ఉన్నాయి. గెలవాలంటే ఇవే దిక్కు, ఇందులో మా నాన్నతో వాదించను. ఒక మాట పక్కనే ఇంకోటి ఆనించి వేయాలంటే, తగిలిన ప్రతిచోటా రెండక్షరాల మాట కుదరాలి. నెల రోజుల్లో కంఠతా పట్టేయొచ్చు. అర్థాలు కూడా అక్కర్లేదు. న్యూజిలాండ్‌కి చెందిన నైజల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. దండం పెట్టాల్సిన జ్ఞాపకశక్తి. కానీ అర్థం తెలియని మాటలతో ఆడటం నాకు ఉప్పులేని పప్పులా ఉంటుంది.

నడిమి దారి ఒకటుంది, ఇద్దరూ దాన్ని పట్టించుకోరు. చేతిలో ఉండే ఏడు బిళ్లలూ ఒకేసారి వాడితే 50 పాయింట్లు అదనం. కాబట్టి ఏడెనిమిది అక్షరాల మాటలు నేర్చుకుంటే డబ్బు చేతికొచ్చినట్టే. రిటైన్స్ అనే మాటలోని అక్షరాలనే అటూ ఇటూ మారిస్తే నాస్టియర్, స్టెయినర్, రెటినాస్ వస్తాయి. ఒక గుత్తి గుర్తుంటే నాలుగు ఆటలకి సరిపోతుంది.

స్పెల్లింగ్ బీ కి, అంటే ఇంగ్లిష్ మాటలకి స్పెల్లింగ్ చెప్పే పోటీకి, తయారయ్యే పిల్లలకి మాత్రం నా ఓటు విడగొట్టే చదువుకే. అక్కడా పొడుగే గెలిపిస్తుందని లేదు. అమెరికా నేషనల్ స్పెల్లింగ్ బీలో 2024లో గెలిపించిన మాట ఆబ్‌సెయిల్, ఆరే అక్షరాలు. తాడు పట్టుకుని కొండ దిగడం. 2025లో 15 అక్షరాల ఫ్రెంచ్ మాట ఎక్లెర్సీస్‌మా, తేటతెల్లం చేయడం. 2021లోది మురాయా, మన కరివేపాకు శాస్త్రీయ నామంలో మొదటి ముక్క. పప్పులో రోజూ తేలేదే, స్పెల్లింగ్ అడిగితే ఇంట్లో ఒక్కరం చెప్పలేకపోయాం. మాట ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిస్తే స్పెల్లింగ్ సగం దొరుకుతుంది. బ్యాండికూట్ మన పందికొక్కే అని చెప్పినప్పుడు మా అమ్మాయి పావుగంట నవ్వింది.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. ఆడే ముందు తాత పది రెండక్షరాల మాటలు ఒప్పజెప్పించుకుంటాడు. అది ఒక పొడుగు మాటకి విగ్రహవాక్యం చెబుతుంది.

నిన్న మాత్రం అది ఎదురు ప్రశ్న వేసింది.

"తాతా, నీ క్యూ-ఐకి అర్థం చెప్పు."

"ఏందో చైనా మాట."

"ప్రాణశక్తి అని అర్థం. పలకడం కూడా క్యూ-ఐ కాదు, చీ అనాలి."

మా నాన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు. "చీ అన్నా ఛా అన్నా అరవై రెండే కదమ్మా. నీ ఆట కానీ."