జర్మన్ నేర్చుకోవడానికి వెళ్తే బెర్లిన్ కంటే ష్వేబిష్ హాల్ అనే చిన్న ఊరు మేలు

పదిహేడేళ్లుగా నా ఉద్యోగం మొత్తం ఇంగ్లిషులోనే నడుస్తోంది. మా టీమ్‌లో సగం మంది జర్మనీలో ఉంటారు. నేను కాల్‌లోకి వెళ్లేసరికి వాళ్లలో వాళ్లు జర్మన్‌లో మాట్లాడుకుంటూ ఉంటారు, నా పేరు స్క్రీన్ మీద కనబడగానే ఇంగ్లిషులోకి మారిపోతారు. మర్యాద కొద్దీ చేసే పనే అది. కానీ ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరు ఇల్లు మారుతున్నారు, ప్రాజెక్టులో అసలు చిక్కు ఎక్కడుంది అన్న కబుర్లన్నీ ఆ ముందు నిమిషాల్లోనే అయిపోతాయి. ఆ కబుర్లలో నేనూ ఉండాలనిపించింది. నలభై దాటాక హైదరాబాద్‌లో శని, ఆదివారాలు క్లాసులకు వెళ్లి జర్మన్‌లో మొదటి రెండు మెట్లు ఏ1, ఏ2 పూర్తి చేశాను. ఆ తర్వాతి మెట్టు బి1 మాత్రం జర్మనీలోనే ఉండి చదవాలని 2025 మే చివర్లో ఆరు వారాలు సెలవు పెట్టి బయల్దేరాను. 90 రోజుల లోపు పని కాబట్టి షెంగెన్ వీసా సరిపోయింది.

మొదటి రెండు వారాలు బెర్లిన్. చూడ్డానికి ఆ ఊరు ఎంత బాగుంటుందో, భాషకు అంత ఇబ్బంది పెట్టింది. నోయ్‌కోల్న్‌లో ఒక హాస్టల్‌లో దిగాను. గది శుభ్రంగా ఉంది, మెట్రో ఐదు నిమిషాల నడక, కిచెన్‌లో వండుకోవచ్చు. వసతిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. కానీ అక్కడ దిగినవాళ్లందరూ బయటి దేశాలవాళ్లే. కిచెన్‌లో ఇంగ్లిషు, రిసెప్షన్‌లో ఇంగ్లిషు, కింద కాఫీ షాపు మెనూ కూడా ఇంగ్లిషే. రోజూ పొద్దున దారి పొడవునా మనసులో వల్లెవేసుకుంటూ బేకరీకి వెళ్లి, "రెండు బ్రోట్‌షెన్ (చిన్న బ్రెడ్డు బన్నులు) ఇవ్వండి" అని జర్మన్‌లో అడిగితే, కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ "ఇంకేమైనా కావాలా?" అని ఇంగ్లిషులో అడిగేది. నేను మళ్లీ జర్మన్‌లోనే చెబితే మళ్లీ ఇంగ్లిషే. రెండు వారాల్లో ఒక్క రోజు కూడా ఆ మాటామంతీ మొదలుపెట్టిన భాషలో పూర్తి కాలేదు.

చేరిన ప్రైవేటు స్కూల్ పరిస్థితీ అంతంత మాత్రమే. క్లాసుకు పన్నెండు మందే అని చెప్పి చేర్చుకున్నారు, వెళ్లి చూస్తే పదహారు మంది. రెండో వారం టీచర్ మారింది, కొత్తావిడ అయిపోయిన పాఠమే మళ్లీ మొదలుపెట్టింది. బ్రేక్‌లో అందరికీ వచ్చింది ఇంగ్లిషే కాబట్టి అందులోనే మాట్లాడుకునేవాళ్లం. ఫీజులో కొంతైనా వెనక్కి ఇమ్మంటే కుదరదన్నారు. డబ్బు కట్టే ముందు ఒక్కరోజు క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. ఒప్పుకోని చోట చేరకండి.

బెర్లిన్‌లో చవగ్గా చదవాలంటే ఫోల్క్స్‌హోఖ్‌షూలె అనే పెద్దల బడులున్నాయి. ప్రభుత్వ సాయంతో నడుస్తాయి, అక్కడ ఒక్కో జిల్లాకి ఒకటి ఉంది. అయితే వాటి కోర్సులు ముందే పెట్టిన తేదీల్లో మొదలవుతాయి, సీట్లు త్వరగా నిండుతాయి. ఏడాదో రెండేళ్లో ఉండేవాళ్లకి ఇంతకన్నా మంచి దారి లేదు. ఆరు వారాల సెలవు మీద వెళ్లినవాళ్లకి కుదరడం కష్టం.

ప్రయాణాలకు డాయిష్‌లాండ్ టికెట్ తీసుకోండి. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, నేను వెళ్లినప్పుడు 58. దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు దాంతోనే ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి వేగం రైళ్లలో చెల్లదు. అది నెలనెలా దానంతటదే రెన్యూ అయ్యే చందా కాబట్టి, ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపే రద్దు చేసుకోవాలి. తిరిగొచ్చేశాక ఈ సంగతి గుర్తొస్తే ఇంకో నెల డబ్బు పోతుంది.

ఆ టికెట్ మీదే తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లి మూడు రోజులున్నాను. 1723 నుంచి చనిపోయేదాకా ప్రసిద్ధ స్వరకర్త బాఖ్ సంగీత దర్శకుడిగా పనిచేసిన సెయింట్ థామస్ చర్చి అక్కడిదే. గది అద్దెకిచ్చే ఆవిడ తాళాలివ్వడానికి ఫోన్లో "ఫియర్టెల్ డ్రై"కి రమ్మంది. ఫియర్టెల్ అంటే పావు, డ్రై అంటే మూడు. ఇంగ్లిషు అలవాటు కొద్దీ మూడుంపావు అనుకుని తాపీగా వెళ్తే, ఆవిడ అప్పటికే చూసి చూసి వెళ్లిపోయింది. తూర్పు జర్మనీలో ఆ మాటకు అర్థం రెండుంపావు. మూడో గంటలో పావు వంతు గడిచిందని వాళ్ల లెక్క. "హాల్బ్ డ్రై" అంటే రెండున్నర, "డ్రైఫియర్టెల్ డ్రై" అంటే పావు తక్కువ మూడు. ఆవిడ మళ్లీ వచ్చేదాకా సామానుతో మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. ఊరు మాత్రం చక్కగా ఉంది. బేకరీలో జర్మన్‌లో అడిగితే జర్మన్‌లోనే జవాబొచ్చింది.

మిగిలిన నాలుగు వారాలూ ష్వేబిష్ హాల్. స్టుట్‌గార్ట్ నుంచి ప్రాంతీయ రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. రైలు ఆగే హెస్సెంటాల్ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అక్కణ్ణుంచి బస్సు. కోహర్ నది ఒడ్డున, కొండ వాలు మీద, చెక్క దూలాలు బయటికి కనబడే పాత ఇళ్ల ఊరు. ఒకప్పుడు ఉప్పునీళ్లు కాచి ఉప్పు తీసి బతికిన ఊరిది. ఇక్కడ ముద్రించిన నాణేలకే ఊరి పేరు మీద హెల్లర్ అన్న పేరొచ్చింది. జర్మన్ భాష నేర్పే గోతె ఇన్‌స్టిట్యూట్ శాఖ నేను వెళ్లినప్పుడు ఇంత చిన్న ఊళ్లో కూడా ఉండేది. క్లాసు అక్కడే. పాఠం పద్ధతిగా సాగింది, హోంవర్కు గట్టిగానే ఇచ్చారు. ఫీజు బెర్లిన్‌లో కట్టినదానికి రెండింతలకు దగ్గర. అయినా నాకు భారమనిపించలేదు.

కానీ నాకు భాష నేర్పింది ముఖ్యంగా నేనున్న ఇల్లు. తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. డెబ్భై దాటాయి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. స్కూల్లో చదివిన ఇంగ్లిషు ఎప్పుడో మర్చిపోయానని మొదటి రోజే చెప్పేశారు. నాకు కావలసిందీ అదే. పొద్దున టిఫిన్, రాత్రి ఆబెండ్‌బ్రోట్ ఆవిడతోనే. ఆబెండ్‌బ్రోట్ అంటే పొయ్యి వెలిగించని భోజనం: బ్రెడ్డు, చీజ్, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు. అన్నం అలవాటైన కడుపుకి మొదటి వారం కష్టమే. నాలుగో రోజు ఆవిడే కనిపెట్టి కేజె ష్పెట్స్‌లె చేశారు. పిండి ముక్కలు ఉడికించి, చీజ్ కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు వేసే వంటకం. మాంసం లేనిది, వేడివేడిది. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

ఆ ఊళ్లో సెయింట్ మైఖేల్ చర్చి ముందు పెద్ద మెట్ల వరస ఉంది. 1925 నుంచి ఎండాకాలంలో ఆ మెట్ల మీదే నాటకాలు వేస్తున్నారు, నేను వెళ్లేసరికి వందేళ్లు. జూన్ మధ్యలో ఒక సాయంత్రం ఆవిడ నన్ను తీసుకెళ్లారు. చీకటి పడ్డాక గాలి మొదలైంది, నాకు వణుకొచ్చింది. "ఇష్ బిన్ కాల్ట్" అన్నాను, ఇంగ్లిషులో చెప్పినట్టే "నేను చల్లగా" అని. ఆవిడ దుప్పటి నా మోకాళ్ల మీద కప్పుతూ మెల్లగా సరిదిద్దారు: "మియర్ ఇస్ట్ కాల్ట్". నేనన్నదానికి మనసు కరకు మనిషినన్న అర్థం వస్తుందట. మియర్ అంటే నాకు. నాకు చలిగా ఉంది. నాటకం సాగుతూనే ఉంది, నేను మాత్రం ఆ మాట దగ్గరే ఉండిపోయాను. ఏడాదిన్నరగా ఇంగ్లిషు వాక్యాన్ని ముందు పెట్టుకుని బట్టీ పట్టిన విభక్తి మా అమ్మ నోట రోజూ వినే మాట. నాకు నచ్చింది, "మియర్ గెఫెల్ట్ దాస్". నాకు తల నొప్పిగా ఉందన్నా ఆ "నాకు"తోనే మొదలు.

మర్నాడు క్లాసులో "వైల్" (ఎందుకంటే) పాఠం. ఆ మాట వస్తే క్రియ వాక్యం చివరికి పోతుందని చెబితే పక్కనున్న అమెరికన్ తల పట్టుకున్నాడు. నేను నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. "వైల్ ఇష్ ఇన్ హైదరాబాద్ అర్బైటె". ఎందుకంటే నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను. ఆ "ఇన్" తప్ప ఒక్క మాట కూడా చోటు మారలేదు. ఆ రోజు నుంచి ఇంగ్లిషు మీదుగా వెళ్లడం మానేసి తెలుగులోంచి నేరుగా జర్మన్‌లోకి వెళ్లడం మొదలుపెట్టాను. అన్నిచోట్లా కుదరదు. టేబుల్ పుంలింగం, తలుపు స్త్రీలింగం, మెడ్షెన్ అంటే అమ్మాయి, అదేమో నపుంసకలింగం. వీటికి తెలుగూ సాయం రాదు, ప్రతి మాటనూ దాని లింగం చెప్పే డెర్, డీ, దాస్‌తో కలిపి నోటికి పట్టించాల్సిందే.

మూడో వారంలో ఆవిడ గ్లాసులో ఆపిల్ జ్యూస్ పోసి, ఇక "జీ" వద్దు "డూ" అనుకుందాం అన్నారు. అంటే మీరు నుంచి నువ్వుకి. అక్కడ ఆ మాట పెద్దవాళ్ల నోటి నుంచి ముందు రావాలి, వస్తే అది దగ్గరితనానికి గుర్తు. నాకు నోరు రాలేదు. అమ్మ వయసావిణ్ణి, పైగా ఇంటి యజమానురాలిని నువ్వు అనడమెలా? మా ఊళ్లో పెద్దవాళ్లకి మీరు అనే చెబుతామని, నాకొచ్చిన జర్మన్‌లో పది నిమిషాలు తంటాలుపడి వివరించాను. మధ్యలో ఒక్క ఇంగ్లిషు ముక్క రాలేదు. అంతా విని, "అయితే నేను డూ అంటాను, నువ్వు జీ అను" అని తేల్చేశారు. ఆఖరి రోజు దాకా అలాగే సాగింది.

ఒక శని, ఆదివారాలు స్టుట్‌గార్ట్‌లో స్నేహితుల ఇంటికి వెళ్లాను. పప్పు, ఆవకాయ, రెండు రోజులు తెలుగు కబుర్లు. ప్రాణం లేచొచ్చింది, కానీ సోమవారం క్లాసులో మాట తడబడింది. నెలలో ఒక్కసారి చాలు.

ష్వేబిష్ హాల్‌లో ఇబ్బందులూ ఉన్నాయి. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, రాత్రి బస్సులు తక్కువ. ఆవిడ చెల్లెలితో ఫోన్లో మాట్లాడే యాస చివరిదాకా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బ్రోట్‌షెన్ కూడా అక్కడ వెక్లె అవుతుంది. సందడి కావాలనుకునే పాతికేళ్లవాళ్లకి వారంలో విసుగొస్తుంది. నా వయసువాళ్లు, పగలంతా ఇంగ్లిషులో బతికేవాళ్లు మాత్రం ఇలాంటి చిన్న ఊరే చూసుకోండి, హాస్టల్ కాకుండా ఎవరి ఇంట్లోనైనా దిగండి. బెర్లిన్‌కి చివర్లో నాలుగు రోజులు, చూడ్డానికి వెళ్లండి.

వచ్చే సెప్టెంబర్‌కి గది ఖాళీగానే ఉంచుతానని ఆవిడ ఉత్తరం రాశారు. బి2కి మూడు వారాల సెలవు పెట్టాను, ఈసారి ఒక కిలో సోనామసూరి బియ్యం తీసుకెళ్తాను, పులిహోర ఎలా చెయ్యాలో చూపిస్తానని మాటిచ్చాను.