పాతకాలపు ఫేజ్ షిఫ్టర్ కొనేముందు అడుగు మూత విప్పిన ఫొటో అడగండి: పెడల్ స్టీల్ వాయించేవారికి ఒక హెచ్చరిక

పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ, కాళ్ల దగ్గరి పెడళ్లతో శ్రుతి మారుస్తూ వాయించే వాద్యం) వాయించే తెలుగువారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే అయినా, అమెరికాలో ఉంటూ ఈ వాద్యానికి పాతకాలపు ఎఫెక్ట్ పెడళ్లు (శబ్దం తీరు మార్చే చిన్న పెట్టెలు) వెతుక్కునేవారు నాలాగే మోసపోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. డాలస్‌లో ఉంటున్న నేను రెండు నెలల క్రితం "1975 నాటి అసలైన స్క్రిప్ట్ లోగో ఎమ్ఎక్స్ఆర్ ఫేజ్ 90" అన్న ప్రకటన చూసి, ఒక వ్యక్తికి 280 డాలర్లు పంపి ఒక నారింజరంగు డబ్బా తెప్పించుకున్నాను. శబ్దానికి అలలా లేచిపడే ఊపునిచ్చే ఫేజ్ షిఫ్టర్, అంటే ఫేజర్, ఇది. (స్టీల్‌కు కాళ్ల దగ్గర వేలాడే పెడళ్లు వేరు, ఈ పెడల్ వేరు కనుక తికమక లేకుండా దీనిని ఇకపై డబ్బా అనే అంటాను.) అది మేడిపండు అని తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ముందుగా, అంత ధర పెట్టి పాతదే ఎందుకు కొనాలనుకున్నానో చెప్పాలి. కీత్ బార్, టెర్రీ షెర్వుడ్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్థాపించిన ఎమ్ఎక్స్ఆర్ సంస్థ 1974లో తెచ్చిన ఈ డబ్బాకు తిప్పే మీట ఒక్కటే ఉంటుంది. దానితో వేగం మార్చుకోవడం తప్ప వేరే పని లేదు. మొదట్లో పేరు చేతిరాతను పోలిన అక్షరాల్లో ఉండేది (అదే స్క్రిప్ట్ లోగో), 1977 ప్రాంతంలో అచ్చు అక్షరాలు వచ్చాయి. ఆ తరువాతి వాటిలో బయటికి వెళ్లే శబ్దంలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి తిప్పే రెసిస్టర్ ఒకటి చేరింది. దానివల్ల ఊపు గాఢమవుతుంది కాని, మధ్యస్థాయి స్వరాలు ముక్కుతో పాడినట్లు ముందుకు పొడుచుకు వస్తాయి. మామూలు గిటార్‌కు అది బాగానే ఉండవచ్చు. స్టీల్‌లో మాత్రం మూడు తీగల మీద కడ్డీ నిలిపి ఒక కార్డ్‌ను (కలిసి మోగే స్వరాలను) నాలుగైదు సెకన్లు సాగదీస్తాం కనుక, ఆ ముక్కుగొంతు నాకు అసలు పడదు. చేతిరాత లోగో ఉన్నదే కావాలనుకున్నది అందుకే.

అమ్మినతను పంపిన వీడియోలో డబ్బా చక్కగానే మోగింది. అందులో వాయించింది మామూలు ఎలక్ట్రిక్ గిటార్ అని, అదీ టకటకా కొట్టే రిథమ్ అని గమనించినా దానికి ప్రాధాన్యం ఇవ్వకపోవడం నా మొదటి పొరపాటు. తెగితెగి వచ్చే స్వరాల మధ్య ఫేజర్ లోపాలు దాక్కుంటాయి. ఇంటికి వచ్చాక ఇ9 శ్రుతిలో (తీగలు బిగించే ఒక పద్ధతి) స్టీల్ కాళ్ల దగ్గరి ఎ, బి పెడళ్లు రెండూ తొక్కి 3, 4, 5 తీగలను మీటి, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే వాల్యూమ్ పెడల్‌ను మెల్లగా ముందుకు నొక్కుతూ ఆ ఎ మేజర్ కార్డ్‌ను సాగదీసినప్పుడు అసలు సంగతి బయటపడింది. అల పైకి లేచి, దిగాల్సిన చోట దిగకుండా చదునుగా ఆగిపోయి, ఒక క్షణం తరువాత ఎవరో తట్టి లేపినట్లు మళ్లీ లేచేది. దాని మీద సన్నని గరగర.

ఆ గరగర విషయంలో నేరమంతా డబ్బాకు అంటగట్టడం న్యాయం కాదు. ఈ రకం ఫేజర్‌లో నాలుగు ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్లు వోల్టేజితో మారే రెసిస్టర్లలా పనిచేస్తాయి, కాని శబ్ద సంకేతం చిన్నదిగా ఉన్నంతవరకే ఆ పని సక్రమంగా చేస్తాయి. స్టీల్ పికప్‌కు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే తీగచుట్టకు) చుట్లు ఎక్కువ, పైగా మనం లోహపు గోళ్లతో మీటుతాం. అంత బలమైన సంకేతాన్ని 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే డబ్బా తట్టుకోలేక శబ్దం చిట్లడం మామూలే. డబ్బాను వాల్యూమ్ పెడల్‌కు ముందు పెడితే మీటిన దెబ్బ మొత్తం దాని మీదే పడుతుంది. వెనక పెడితే దెబ్బ తగ్గుతుంది కాని, కాలు వెనక్కి తీసిన నిశ్శబ్దంలో డబ్బా సొంత హోరు ఊపిరి పీల్చి వదిలినట్లు వినిపిస్తూనే ఉంటుంది. నేను వెనక పెట్టి హోరును భరించడానికే ఇష్టపడతాను. ఇక ఆంప్లిఫయర్ వెనక ఉన్న ఎఫెక్ట్స్ లూప్‌లో (ఎఫెక్ట్ పెడళ్లు తగిలించే దారిలో) పెట్టాలనుకుంటే, ఆ లూప్ స్థాయి ఇలాంటి చిన్న డబ్బాలకు తగినదో కాదో ముందే చూసుకోవాలి.

చదునుగా ఆగిపోయే అలకు మాత్రం ఇవేవీ కారణం కావు. నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరున్న అసలైన డబ్బాను అదే తీగలతో, అదే ఆంప్లిఫయర్‌తో వాయించి చూస్తే గట్టిగా మీటినప్పుడు కొంచెం గరగరలాడింది కాని, అల ఎక్కడా ఆగలేదు.

అప్పుడు నా డబ్బా అడుగు మరలు నాలుగూ విప్పాను. సర్క్యూట్ బోర్డు మీద నూకల్లాంటి భాగాలు పైపైన అతికించి ఉన్నాయి. 1970ల నాటి డబ్బాలలో ప్రతి భాగం కాళ్లు బోర్డు రంధ్రాల్లోంచి అవతలికి దిగి ఉంటాయి. నాలుగు ట్రాన్సిస్టర్లలో ఒకదాన్ని పీకేసి, ఆ చోట పొడవు కాళ్ల ట్రాన్సిస్టర్‌ను అడ్డంగా వంచి అతికించారు, టంకం చుట్టూ గోధుమరంగు జిగురు ఇంకా తుడవకుండానే ఉంది. ఈ నాలుగూ ఒకే గుణం గలవిగా ఏరి వేయాలి, ఎందుకంటే ఒకే సంచిలోంచి తీసినవాటిలో కూడా అవి మూతపడే వోల్టేజి ఒకదానికొకటి చాలా తేడాగా ఉంటుంది. జత కుదరనిదాన్ని ఇరికిస్తే అల కుంటుతుంది. పక్కనే ఉన్న బయాస్ ట్రిమ్మర్‌ను (ట్రాన్సిస్టర్ల వోల్టేజిని సరిచేసే చిన్న మరను) ఎంత తిప్పినా నా డబ్బాకు ఆ కుంటితనం పోలేదు.

నిజానికి మూత విప్పకముందే నాకు అనుమానం రావలసింది. ఆ కాలపు డబ్బాలకు అడాప్టర్ రంధ్రం గాని, వెలిగే చిన్న దీపం గాని ఉండవు, బ్యాటరీతోనే నడుస్తాయి. నా దానికి రెండూ ఉన్నాయి. అడిగితే "తరువాత ఒక మెకానిక్ చేత వేయించాను" అన్నాడు, నేనూ నమ్మాను. అలా వేయించుకునేవారు లేకపోలేదు, అబద్ధం ఇమిడేదీ ఆ సందులోనే. లోపలి పొటెన్షియోమీటర్ (వేగం మీటతో తిరిగే రెసిస్టర్) మీద 137తో మొదలయ్యే అంకె ఉంటే అది సీటీఎస్ అనే సంస్థ తయారీ, తరువాతి అంకెలు సంవత్సరాన్ని, వారాన్ని చెబుతాయి. 1377534 అంటే 1975లో 34వ వారం. నా దాని మీద అంకె ఏదీ లేదు. డబ్బా తొడుగు నిజంగానే పాతదై ఉండవచ్చు, లోపలి సరుకు మాత్రం నిన్నమొన్నటిది.

డబ్బు వెనక్కి అడిగినప్పుడు అతను మూత విప్పాను కనుక వాపసు కుదరదన్నాడు. మూత విప్పకుండా మోసం ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. కొంత రుసుము మిగులుతుందని అతను కోరిన ప్రకారం, సరుకు కొనుగోలుగా కాకుండా స్నేహితులకు పంపే పద్ధతిలో డబ్బు పంపడం నా రెండో పొరపాటు. అలా పంపినదానికి కొనుగోలుదారు రక్షణ వర్తించదని చెల్లింపు సంస్థ తేల్చి చెప్పింది. పది డాలర్లు కూడా లేని ఆ రుసుముకు ఆశపడి 280 డాలర్లు పోగొట్టుకున్నాను.

కాబట్టి ఇలాంటిది కొనదలచినవారు డబ్బు పంపకముందే బోర్డు రెండు వైపులా, పొటెన్షియోమీటర్ వీపూ స్పష్టంగా కనిపించే ఫొటోలు అడగండి. స్టీల్ లేకపోయినా ఏదైనా గిటార్ మీద ఒకే కార్డ్‌ను మీటి, డబ్బా వేగం మార్చే మీటను అతి నెమ్మదిలో పెట్టి, శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా తీసిన వీడియో పంపమనండి. నిజాయితీగా అమ్మేవారికి అది పది నిమిషాల పని.

నాకు అమ్మిన వ్యక్తి గత వారం మరొక "1976 స్క్రిప్ట్" డబ్బాను అమ్మకానికి పెట్టాడు. ధర 310 డాలర్లు, ముందువైపు ఫొటోలు మూడు, అడుగువైపు ఒక్కటీ లేదు.