పైనింటి బాత్రూమ్, మా పూజగది గోడ: పాత సొసైటీ ఫ్లాట్‌లో పదకొండేళ్లు

బంజారాహిల్స్‌లో, కేబీఆర్ పార్కుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత సహకార సొసైటీ అపార్ట్‌మెంట్‌లో 2014 నుంచి ఉంటున్నాం. ఇరవై నాలుగు ఫ్లాట్లు, నాలుగు అంతస్తులు, మాది మూడో అంతస్తు. ఏరియా ఎలాంటిదో, రేట్లు ఎంతో, ట్రాఫిక్ సంగతేమిటో అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది పైపుల గురించి. ఈ ఇల్లంటే నాకు ఎంత ఇష్టమో, స్లాబుల్లో కనపడకుండా దాక్కున్న ఆ పాత పైపులంటే అంత కోపం.

ముందు ఇష్టం సంగతి. నల్లకుంటలో రెండు గదుల పోర్షన్‌లో పన్నెండేళ్లు ఉండి వచ్చినవాళ్లం. గృహప్రవేశం రోజు మా అత్తయ్య హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, "పెళ్లిచూపులేంటమ్మా, ఇక్కడ పెళ్లే చేసేయొచ్చు" అన్నారు. పత్రాల్లో 2,150 చదరపు అడుగులని ఉంది. ఇప్పటి టవర్లలో ఆ అంకె చెబితే అందులో లిఫ్టు, కారిడార్లు, క్లబ్‌హౌస్ అన్నీ కలిసి ఉంటాయి, పాతిక ముప్ఫై శాతం అక్కడే పోతుంది. ఇది 1980లలో సభ్యులు డబ్బులు వేసుకుని తమ కోసం కట్టించుకున్నది కాబట్టి అలాంటి లెక్కలు లేవు. టేపు పెట్టి కొలిస్తే గోడలు పోను పంతొమ్మిది వందల పైనే వచ్చింది. బయటి గోడలు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. ప్రతి గదికీ రెండు వైపులా కిటికీలు, గాలి బాగా ఆడేది. మే నెలలో కూడా రాత్రి పదకొండు దాటాక ఏసీ ఆపేసి పడుకునేవాళ్లం.

ఇక 2020 సెప్టెంబరు. పూజగది గోడ మీద పైమూలన అరచేయంత మచ్చ కనిపించింది. అక్టోబరు 13న నగరమంతా మునిగిన ఆ వాన పడింది. మచ్చ తలుపు దాకా దిగింది. ఊళ్లో సగం ఇళ్లు నీళ్లలో ఉన్నప్పుడు మా గోడ తడిసిందని ఎవరికి చెప్పుకుంటాం? వాన నీళ్లే అనుకున్నాం, ఎండలు వస్తే ఆరుతుందిలే అని సంక్రాంతి దాకా ఆగాం. అదే మేం చేసిన పెద్ద పొరపాటు. వాన నీరైతే చలికాలంలో ఆరాలి. మాది జనవరిలో ఇంకా పెరిగింది. చుక్క వాన లేకుండా గోడ తడుస్తోందంటే అది పైనింట్లో రోజూ వాడే నీళ్లని మాకు అప్పుడు తోచలేదు.

పాత ఇళ్లలో బాత్రూమ్ స్లాబును చుట్టుపక్కల స్లాబు కంటే అడుగు కిందికి దించి కడతారు. ఆ గుంటలోనే డ్రైనేజీ పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. మా బాత్రూమ్ సీలింగ్ కిందికి ఉండటానికి కారణం అదే, పైవాళ్ల గుంట మా నెత్తి మీద ఉంటుంది. అందులోని బీడు (పోత ఇనుము) పైపు ఎక్కడైనా చిల్లుపడితే నీరు ముందు ఆ ఇటుక ముక్కల్లో నిండుతుంది. నెలల తరువాత ఎక్కడో బయటపడుతుంది. మాకు బాత్రూమ్‌లో చుక్క కారలేదు, పక్కనున్న పూజగదిలో కారింది.

మొదట వచ్చిన ప్లంబర్ పైనింట్లో టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పూసి, ఏదో కెమికల్ పోసి వెళ్లాడు. రెండు నెలలు ఆగి మళ్లీ మొదలైంది. దేవుడి పటాలు చెమ్మెక్కుతున్నాయని తీసి హాల్లో బల్ల మీద పెట్టాం. మా అత్తయ్య రోజూ ఆ ఖాళీ గది ముందు కాసేపు నిలబడి వెళ్లేవారు. ఏమీ అనేవారు కాదు. అది చూస్తుంటే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

అప్పటి మా సెక్రటరీ గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఒక సాయంత్రం వచ్చి గోడ తట్టి చూసి, "అమ్మా, కాస్త కుంకుమ ఇవ్వండి" అన్నారు. బకెట్ నీళ్లలో కలిపి పైనింటి బాత్రూమ్ నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్లు పోయే జాలీ రంధ్రంలో, పోయించారు. మూడో రోజు పొద్దున దీపం పెట్టబోతే గోడ మీద ఎర్రటి చార. అంతకుముందు ఆరు నెలలు ఎవరికి చెప్పినా "మీ గోడే సరిగా లేదేమో" అన్నవాళ్లే. ఆ చార చూసి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అక్కడి నుంచి అసలు గొడవ. పై ఫ్లాటు ఓనరు అమెరికాలో ఉంటారు. పైపు బిల్డింగ్‌తో పాటు వేసింది, సొసైటీ మార్చాలి అన్నారు. కమిటీలో కొందరేమో బాత్రూమ్ లోపలిది ఓనరుదే అన్నారు. టైల్స్ పైవాళ్లవి, కింద సున్నం మాది, మధ్యలో స్లాబు ఎవరిది? బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, దీనికి జవాబు లేదు. అద్దెకున్న జంట మాత్రం అడగగానే ఆ బాత్రూమ్‌కు తాళం వేసేశారు, వాళ్ల మేలు మరిచిపోలేను. చివరికి సర్వసభ్య సమావేశం ఎజెండాలో పెట్టించాం. మొదటిసారి కోరానికి కావలసినంత మంది సభ్యులు రాక వాయిదా. రెండోసారి గంటన్నర వాదించుకుని తీర్మానం చేశారు: ఖర్చు మూడు వాటాలు, సొసైటీ ఒకటి, పైవాళ్లు ఒకటి, మేం ఒకటి. పనికి పదకొండు రోజులు, లక్షా పద్దెనిమిది వేలు. నలభై బస్తాల తడి ఇటుక ముక్కలు కిందికి మోశారు. బీడు పైపు వంపు దగ్గర వేలు పట్టేంత చిల్లు ఉంది. పీవీసీ వేసి, వాటర్‌ప్రూఫింగ్ కోటింగులు వేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్స్ వేశారు. పటాలు తిరిగి గదిలోకి వెళ్లేసరికి 2021 నవంబరు.

అప్పటి నుంచి చుక్క కారలేదు. మా ఒక్క గోడతో ఆగకుండా షాఫ్టుల్లోని (పైపుల కోసం పైనుంచి కింది దాకా వదిలిన ఖాళీల్లోని) నిలువు పైపులన్నీ వరసగా మార్చాలని మరుసటి ఏడాది తీర్మానించారు. నాలుగు షాఫ్టుల్లో రెండు పూర్తయ్యాయి. సొసైటీ మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. లెక్కలు ఏటా ఆడిట్ అవుతాయి, ఎవరైనా లేచి అడగొచ్చు. అయితే సమావేశాలకు ఇరవై నాలుగు ఇళ్ల నుంచి పదిమంది వస్తే గొప్ప. మావారు బ్యాంకు నుంచి రిటైరై ఇంట్లో ఉన్నారు కాబట్టి వెంటపడి సాధించారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే వాళ్లకు అంత తీరిక ఉంటుందా అన్నది నా అనుమానం.

గాలి గురించి చెప్పాను కదా, అది 2018 దాకా. పక్క ప్లాటులో ఐదంతస్తులు లేచాక తూర్పు కిటికీలకు గోడే కనిపిస్తోంది. ఇప్పుడు మేలో ఏసీ తెల్లవార్లూ ఉండాల్సిందే. పెద్ద ఇల్లని మురిసిపోయాను గానీ, రంగులు వేయించేటప్పుడు ప్రతి చదరపు అడుగూ బిల్లులో కనిపిస్తుంది. కారు పార్కింగ్ ఒక్కటే.

ఇంకో సంగతి. భూమిలో మా ఫ్లాటు వాటా నూట పది గజాలు. కొత్త టవర్లు చాలావాటిలో ఇందులో సగం కూడా రాదు. అందుకే పడగొట్టి కొత్తది కట్టిస్తామని బిల్డర్లు వస్తూనే ఉన్నారు. సభ్యుల్లో సగంమంది ఒకవైపు, సగంమంది మరోవైపు. అత్తయ్యకు ఎనభై ఆరేళ్లు, రెండు మూడేళ్లు అద్దింట్లో ఉంచలేం కాబట్టి మేం వద్దంటున్నాం. అప్పు చేసి కొనేవాళ్లు మాత్రం ఈ పడగొట్టే సంగతి ఎంతదాకా వచ్చిందో అడిగి తెలుసుకునే దిగాలి. పిల్లలు స్థిరపడి, పెద్దవాళ్లు ఇంట్లో ఉండి, మనుషులతో మాట్లాడి పని చేయించుకునే ఓపిక ఉన్న మాలాంటి కుటుంబానికి ఇది హాయైన ఇల్లు. అందరికీ అని మాత్రం అనలేను.

మా చెల్లి రెండో అంతస్తులో అమ్మకానికి ఉన్న ఫ్లాటు చూడటానికి వచ్చే ఆదివారం వస్తోంది. అది పడమటి షాఫ్టు వైపుది, అక్కడి పైపులు ఇంకా మార్చలేదు. హాలు చూసే ముందు బాత్రూమ్ సీలింగ్ చూడమని ఫోన్లోనే చెప్పాను. టార్చిలైటు నేను తీసుకెళ్తాను.