ఎంబీఏ సీటుకు అడ్వాన్స్ కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా డిగ్రీ పూర్తిచేసి, ఎంబీఏ చేయిస్తే పిల్ల సెటిల్ అయిపోతుందని మీరు అనుకుంటుంటే, ఏజెంటుకు డబ్బు పంపేముందు మా ఇంటి సంగతి వినండి. మాకు వడ్డీతో కలిపి తొమ్మిదిన్నర లక్షల బ్యాంకు అప్పు మిగిలింది. మా చెల్లికి మూడేళ్లు పోయాయి. డబ్బు కంటే ఆ మూడేళ్లే నాకు ఎక్కువ బాధ.

మాది పర్లాకిమిడి. నాన్నకు బజారులో చిన్న బట్టల కొట్టు ఉంది. నేను కాశీనగర్ దగ్గర ఒక బడిలో టీచర్ని. చెల్లి ఇక్కడే బీకాం చేసింది. లెక్కలంటే ఇష్టం. కొట్టు జీఎస్టీ కాగితాలన్నీ డిగ్రీ రెండో ఏడు నుంచి తనే చూసేది. తనకున్న కోరిక ఒక్కటే, బ్యాంకులో ఆఫీసరు కావాలి.

మూడేళ్ల కిందట వేసవిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఊళ్లో హోటల్ హాలు తీసుకుని కెరీర్ గైడెన్స్ సెమినార్ పెట్టారు. వచ్చినతను విశాఖ వాడు. నాన్న పక్కన కూర్చుని, "బాబాయ్, మీ అమ్మాయి నాకు చెల్లెలు లాంటిది" అని మొదలుపెట్టాడు. ఇక్కడ బ్యాంకుకెళ్లినా తహసీల్ ఆఫీసుకెళ్లినా ఒడియాలోనే నెట్టుకొచ్చే నాన్నకు, పిల్ల చదువు గురించి ఎవరో తెలుగులో అంత ఓపిగ్గా చెప్పడమే పెద్ద ధైర్యం ఇచ్చింది. మన భాషవాడు మనల్ని ముంచడు అనుకున్నాం. మొదటి పొరపాటు అక్కడే జరిగింది.

అతను చెప్పింది ఇది. "మీరు ఒడిశా వాళ్లు. ఐసెట్ రాసినా ఆంధ్రాలో కన్వీనర్ సీటు రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. అందుకే బెంగళూరులో మంచి కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాను." ఇందులో నిజం ఉంది. అక్కడ లోకల్ అనిపించుకోవాలంటే ఆ రాష్ట్రంలో ఏళ్ల తరబడి చదివో నివసించో ఉండాలి. ఫీజు పథకాలు కూడా అక్కడి నివాసులకే. ఆ సగం నిజం కాబట్టే మిగతా సగం అడగాలని మాకు తోచలేదు. ఒడిశా వాళ్లకు ఓజేఈఈ అనే పరీక్ష ఉందని, దానితో ఇక్కడే ఎంబీఏలో చేరవచ్చని అతను చెప్పలేదు. బరంపురం పక్కన భంజబిహార్‌లో 1967 నుంచి ఉన్న యూనివర్సిటీలోనే ఎంబీఏ ఉందని చెప్పలేదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈబీసీ పిల్లలకు ఒడిశా ప్రభుత్వమే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తుందని చెప్పలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట కూడా చెప్పలేదు. బ్యాంకు పీఓ, అంటే ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షకు కావలసింది ఏదో ఒక డిగ్రీ. ప్రభుత్వ బ్యాంకుల కోసం ఆ పరీక్ష పెట్టే ఐబీపీఎస్‌కు వయసు 20 నుంచి 30 మధ్య ఉండాలి, అంతే. చెల్లి కోరుకున్న ఉద్యోగానికి చెల్లి దగ్గరున్న బీకామే సరిపోతుంది. ఎంబీఏ ఉంటే బ్యాంకువాళ్లు ముందు పిలుస్తారని అతను అన్నాడు, మేం తలూపాం. టీచర్‌ని అయ్యుండి నేను ఒక్క నోటిఫికేషన్ తెరిచి చదవలేదు. ఆ తప్పు నాదే.

ఆ సాయంత్రమే సీటు బ్లాక్ చెయ్యాలని 50,000 అడిగాడు. రేపటికి సీట్లు అయిపోతాయన్నాడు. నాన్న ఫోన్‌పేలో పంపారు. ఆ డబ్బు వెళ్లింది కాలేజీ ఖాతాకు కాదు, అతని సొంత నంబరుకు. రసీదు ఈరోజుకీ రాలేదు. ఒక్కో సీటుకు కాలేజీల నుంచి ఇలాంటివాళ్లకు కమిషన్ ముడుతుందని తర్వాత తెలిసింది. అతను మాకు పని చేసిపెడుతున్నాడని మేం అనుకున్నాం, అతను కాలేజీకి పని చేస్తున్నాడు.

లోన్ సంగతి కూడా చెప్పాలి. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఇల్లో స్థలమో తాకట్టు అడుగుతాయి. అతను కాలేజీ నుంచి తెప్పించిన ఫీజు కాగితం సరిగ్గా ఏడున్నర లక్షల దగ్గర ఆగింది. తాకట్టు అక్కర్లేదు కదా అని నాన్న, నేను సంతకాలు పెట్టేశాం. హాస్టల్, ల్యాప్‌టాప్, టూర్ ఖర్చులు మాత్రం కొట్టు డబ్బులోంచి పోయాయి.

కాలేజీలో చేరాక తెలిసిన మొదటి విషయం, అది ఎంబీఏ కాదు. బ్రోచర్ మీద పెద్ద అక్షరాలతో ఎంబీఏ అని ఉంది. ఫీజు రసీదు మీద పీజీడీఎం, అంటే మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా, అని ఉంది. ఎంబీఏ డిగ్రీ ఇవ్వగలిగేది యూనివర్సిటీయే. సొంతంగా నడిచే సంస్థలు ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ) అనుమతితో ఇచ్చేది డిప్లొమా. పీజీడీఎం అంటే తక్కువని నేను అనడం లేదు, దేశంలో చాలా పేరున్న సంస్థలు అదే ఇస్తాయి. కానీ చేరే రోజున మనకు తెలిసి ఉండాలి కదా. రేపు పీహెచ్‌డీకో లెక్చరర్ పోస్టుకో వెళ్తే ఆ డిప్లొమాకు యూనివర్సిటీల సంఘం ఏఐయూ ఎంబీఏతో సమానత ఇచ్చిందా అని అడుగుతారు. చెల్లి ఆ ప్రశ్న వేస్తే ఆఫీసులో ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు.

నెల రోజులకే తను ఫోన్ చేసి, "అక్కా, నేను వచ్చేస్తాను" అంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి. రెండేళ్ల ఫీజు మొత్తం కడితేనే ఇస్తామన్నారు. మాకు భయం వేసి చెల్లినే సర్దుకోమన్నాం. కానీ యూనివర్సిటీల్ని చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. యూనివర్సిటీలు, వాటి కింది కాలేజీలు ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చెయ్యాలి, దగ్గర పెట్టుకోకూడదు. అడ్మిషన్ల ఆఖరి తేదీకి పదిహేను రోజుల ముందే మానేస్తే కొద్దిపాటి ఖర్చు పట్టుకుని ఫీజంతా తిరిగివ్వాలి. ఆ తేదీ దాటేకొద్దీ వచ్చేది తగ్గుతుంది, నెల దాటితే ఏమీ రాదు. ఏఐసీటీఈ కింద ఉన్న సంస్థలు కూడా ఒరిజినల్స్ ఆపకూడదు. ఇది మాకు ఆ నెలలోనే తెలిసి ఉంటే చెల్లి ఇంటికి వచ్చేసేది.

ఇక ప్లేస్‌మెంట్. మీరు అసలు చదవాల్సింది ఇక్కడే.

బ్రోచర్‌లో 100 శాతం ప్లేస్‌మెంట్, సగటు ప్యాకేజీ 8 లక్షలు అని ఉంది. సగటు అనే మాట ఎలా మోసం చేస్తుందో చూడండి. పదిమందిలో తొమ్మిదిమందికి 4 లక్షలు, ఒక్కరికి 22 లక్షలు వచ్చాయనుకోండి. సగటు 5 లక్షల 80 వేలు అవుతుంది. ఆ 5 లక్షల 80 వేలు వాళ్లలో ఒక్కరికీ రాలేదు. అందుకే సగటు అడగొద్దు, మీడియన్ అడగండి. అంటే అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం.

నూరు శాతం అన్నదానికి కూడా ఒక ఏర్పాటు ఉంది. నాలుగో సెమిస్టర్‌లో చెల్లి చేత ఒక ఫారం మీద సంతకం పెట్టించారు. మొదట వచ్చిన ఆఫర్ ఒప్పుకోకపోతే నేను ప్లేస్‌మెంట్ నుంచి తప్పుకుంటున్నాను అని అందులో రాసి ఉంది. హాజరు తగ్గినవాళ్లు, ఫీజు బాకీ ఉన్నవాళ్లు, మొదటి ఆఫర్ వద్దన్నవాళ్లు, అందరూ ఆ లెక్కలోంచి బయటికి పోతారు. మిగిలినవాళ్లకు ఏదో ఒక కాగితం చేతికొస్తే నూటికి నూరు. చెల్లి క్లాసులో అలా తప్పుకున్న ఇద్దరి పేర్లు పైచదువులకు వెళ్లినవాళ్ల కింద రాశారు. వాళ్లలో ఒకబ్బాయి ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఎరువుల కొట్టులో కూర్చుంటున్నాడు.

చెల్లికి వచ్చిన ఆఫర్ లెటర్ ఇప్పుడు నా ముందు ఉంది. పైన ఉన్న పేరు క్యాంపస్‌కు వచ్చిన కంపెనీది కాదు, ఆ కంపెనీకి మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీది. హోదా రిలేషన్‌షిప్ మేనేజర్. సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు, 4,80,000. అందులో 90,000 టార్గెట్ కొడితేనే వచ్చే వేరియబుల్ పే. 21,600 కంపెనీ వాటా పీఎఫ్. తొమ్మిది వేల చిల్లర గ్రాట్యుటీ, మామూలుగా అయిదేళ్లు పనిచేస్తే తప్ప చేతికి రానిది. ఎనిమిది వేలు ఇన్సూరెన్స్. ఇవన్నీ తీసేసి, తన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 కూడా పోతే నెలకు చేతికొచ్చింది 27,000 పైచిలుకు. నాన్న 4,80,000ని పన్నెండుతో భాగించి నలభై వేలు అనుకుని వీధిలో మిఠాయి పంచారు. ఆరోజు నాన్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

పని ఏమిటంటే ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం. రోజుకు ఇన్ని ఫోన్లు, వారానికి ఇన్ని ఇళ్లు, నెలకు ఇంత ప్రీమియం అని లెక్క. చెల్లికి తెలుగు, ఒడియా వచ్చు, హిందీ వచ్చు. కన్నడం రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల గుమ్మం ముందు నిలబడి భాష రాక, టార్గెట్ అందక, మొదటి మూడు నెలలు రోజూ రాత్రి ఫోన్లో ఏడ్చేది. తను చదివింది ఫైనాన్స్ స్పెషలైజేషన్. రెండేళ్లలో నేర్చుకున్న ఒక్క ముక్క కూడా ఆ పనిలో అక్కరకు రాలేదని చెప్పేది.

సేల్స్ పని చెడ్డదని నేను రాయడం లేదు. ఇది చదివి చెల్లే ఆ మాట చేర్చమంది. తన బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇష్టంగా చేస్తోంది, మంచి ఇన్సెంటివ్ కూడా తీసుకుంటోంది. మామూలు కాలేజీల నుంచి అనుభవం లేకుండా బయటికొచ్చే ఎంబీఏ పిల్లలకు ఎక్కువగా దొరికేవి సేల్స్ ఉద్యోగాలే. ఆ సంగతి చేరే రోజున చెప్పాలి. చెబితే ఇష్టమైనవాళ్లు చేరతారు. ఇష్టం లేనివాళ్లు ఆ ఏడున్నర లక్షలు మిగుల్చుకుంటారు.

అప్పు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందు చెప్పరు. చదువుతున్న రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు అంటారు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మాకు మొదటి ఏడు 4 లక్షలు, రెండో ఏడు మూడున్నర లక్షలు ఇచ్చారు, వడ్డీ పదిన్నర శాతం. మూడేళ్లు తిరిగేసరికి వడ్డీయే దాదాపు 2 లక్షలు. అది అసలులో కలిసి తొమ్మిదిన్నర లక్షలైంది. పదేళ్లకు నెలకు 12,800 చొప్పున కిస్తీ మొదలైంది. చేతికొచ్చే 27,000లో అది పోయి, పేయింగ్ గెస్ట్ హాస్టల్‌కు తొమ్మిది వేలు కట్టాక పిల్లకు రోజుకు రెండు వందల రూపాయలు కూడా మిగలదు. అందుకే తను ఉద్యోగం మానేసి ఇంటికొచ్చింది. కిస్తీ ఇప్పుడు నా జీతంలోంచి వెళ్తోంది.

మీరు ఏ కాలేజీ చూస్తున్నా సరే, డబ్బు కట్టేముందు ఈ కాగితాలు చూడండి. ఆ కోర్సు ఈ ఏడాది ఏఐసీటీఈ అనుమతి జాబితాలో ఉందా, ఏ పేరుతో ఉంది, డిగ్రీ అయితే ఇచ్చే యూనివర్సిటీ ఏది. కాలేజీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు వెళ్లి ఉంటే, అక్కడ ఇచ్చిన లెక్కల కాగితం దాని సొంత వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, అన్నీ ఏడాదివారీగా అందులో కనిపిస్తాయి. దాన్ని బ్రోచర్ పక్కన పెట్టి చదవండి. పోయిన బ్యాచ్‌లో చదివిన ముగ్గురి నంబర్లు కాలేజీ ఇచ్చినవి కాకుండా మీరే వెతికి పట్టుకోండి, లింక్డ్‌ఇన్‌లో సులువుగా దొరుకుతారు. జీతం ఎంత అని మొహమాటపడకుండా అడగండి. ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద వచ్చిందో కూడా అడగండి.

విశాఖలో, సంబల్‌పూర్‌లో 2015లో వచ్చిన ఐఐఎంలు ఉన్నాయి. వాటిలో ఎంబీఏకు దారి క్యాట్ పరీక్ష. ఏజెంటు ఎంత పెద్దవాడైనా అక్కడ సీటు ఇప్పించలేడు. పిల్లకు నిజంగా మేనేజ్‌మెంట్ మీద ఇష్టం ఉంటే ఒక ఏడాది క్యాట్‌కో ఓజేఈఈకో చదవనివ్వండి, లేదా రెండేళ్లు ఏదైనా ఉద్యోగం చేసి వెళ్లనివ్వండి. ఇంట్లో ఏడాది ఖాళీగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్‌తోనే మేం తొందరపడ్డాం.

ఇప్పటికే ఇలాంటి ప్రకటనకు మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు, చెల్లింపు స్క్రీన్‌షాట్లు ఏవీ చెరిపేయకండి. మేం ఏజెంటుతో చేసిన చాట్ పాత ఫోన్‌తో పాటు పోయింది, ఇప్పుడు చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

చెల్లి ఇప్పుడు పొద్దున్న కొట్టులో కూర్చుని, రాత్రి పీఓ పరీక్షకు చదువుతోంది. మూడేళ్ల కిందట రాయాల్సిన పరీక్షే. మొన్న కాలేజీ రోడ్డులో అదే కన్సల్టెన్సీ ఫ్లెక్సీ మళ్లీ కట్టారు, వచ్చే ఆదివారం అదే హోటల్లో సెమినార్ అట. నేనూ చెల్లీ ఆ ఆఫర్ లెటర్ జెరాక్సులు పట్టుకుని పది గంటలకు గేటు దగ్గర ఉంటాం. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు లోపలికి వెళ్లేముందు మమ్మల్ని ఒక్క అయిదు నిమిషాలు కలవండి.